తొంభై ఆరు శాతం ఫర్నేస్: స్టిక్కర్ మీద అంకె, బేస్‌మెంట్‌లో పని

నిఘంటువు తీస్తే ఫర్నేస్‌కు కొలిమి అనే అర్థం కనిపిస్తుంది. న్యూజెర్సీలోనో చికాగో శివార్లలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లెవరూ ఆ మాట వాడరు. బేస్‌మెంట్ మూలన, వాటర్ హీటర్ పక్కన, రేకు డక్ట్‌లను నెత్తిన మోస్తూ నిలబడ్డ ఆ పెట్టెను ఫర్నేస్ అంటారు, లేదంటే ఉత్త హీటర్ అంటారు. పదిహేనిరవై ఏళ్లు అదొకటి ఉందన్న సంగతే ఎవరికీ పట్టదు. జనవరిలో ఒక రాత్రి ఆగిపోయినప్పుడు గుర్తొస్తుంది. మర్నాడు వచ్చిన మెకానిక్ హీట్ ఎక్స్‌ఛేంజర్, అంటే మంట వేడిని ఇంటి గాలికి ఎక్కించే లోహపు భాగం, పగిలిందని తేల్చి, 80 శాతం యంత్రానికి ఇంత, 96 శాతం యంత్రానికి ఇంత అని రెండు రేట్లు రాసిచ్చి, సాయంత్రంలోగా చెప్పమంటాడు. ఇల్లు గడ్డకడుతుంటే బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? పదిహేనేళ్లు దాటిన ఫర్నేస్ ఉన్న ఇంట్లో ఈ లెక్కలు సెప్టెంబరులోనే చూసుకోవడం మంచిది.

ఆ 80, 96 అనేవి ఏఎఫ్‌యూఈ, అంటే ఏడాది సగటు ఇంధన సామర్థ్యపు శాతాలు. ఏడాది పొడుగునా కాల్చిన గ్యాస్‌లో ఉన్న వేడిలో ఎంత ఇంటికి దక్కింది, ఎంత పొగతో పాటు బయటికి పోయింది అన్నదే ఆ లెక్క. డెబ్బైల నాటి పైలట్ లైట్ ఫర్నేస్‌లు 65 దగ్గర ఉండేవి. అమెరికాలో ఇళ్ల గ్యాస్ ఫర్నేస్‌లకు 1992లో కనీస పరిమితి 78గా వచ్చింది, 2015 నవంబరులో అది 80 అయింది. 2028 డిసెంబరు నుంచి 95 ఉండాలని ఇంధన శాఖ 2023లో నియమం తెచ్చింది, గ్యాస్ పరిశ్రమ సంఘాలు దాని మీద కోర్టుకెక్కాయి. అంగళ్లలో దొరికేవి మాత్రం రెండే రకాలు: 80 దగ్గరవి, 90 దాటినవి. మధ్యలో 85 శాతం ఫర్నేస్ కావాలంటే దొరకదు. ఎందుకు దొరకదో తెలిస్తే మిగతా కథంతా అర్థమవుతుంది.

మండేది మీథేన్. అది కాలితే కార్బన్ డయాక్సైడ్‌తో పాటు నీటి ఆవిరి పుడుతుంది. ఒక థెర్మ్ గ్యాస్, అంటే లక్ష బీటీయూల (బీటీయూ అంటే వేడికి కొలత) గ్యాస్ కాలితే, పుట్టే ఆవిరి చల్లబడి నీరైతే ఒక గ్యాలన్‌కు కాస్త పైనే ఉంటుంది. గ్యాస్‌లోని వేడిలో దాదాపు పదో వంతు ఈ ఆవిరిలోనే దాక్కుని ఉంటుంది. అన్నం గిన్నె మీద మూత తీస్తే ఆవిరి చేతికి తగిలి చురుక్కుమంటుంది చూడండి, అది నీరుగా మారుతూ వదిలే వేడే. 80 శాతం ఫర్నేస్ ఈ ఆవిరిని ఆవిరిగానే, 300 డిగ్రీల ఫారెన్‌హీట్ దాపు వేడితో చిమ్నీలోకి వదిలేస్తుంది. 90 దాటిన యంత్రంలో రెండో హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉంటుంది. పొగ అందులోంచి పోతూ 130 డిగ్రీల కిందికి చల్లబడుతుంది, ఆవిరి నీరవుతుంది, దాచిన వేడి ఇంటికి దక్కుతుంది. 85 శాతం దగ్గర ఆపితే ఆ నీరు రెండో ఎక్స్‌ఛేంజర్‌లో కాక చిమ్నీ గోడల మీద కారి, రేకునూ ఇటుకనూ తినేస్తుంది. అందుకే ఆ మధ్య రకాన్ని ఎవరూ చేయరు.

పాత 80 తీసి కొత్త 96 పెట్టడమంటే, కాబట్టి, పెట్టెకు పెట్టె మార్చడం కాదు. పొగ వెళ్లే దారి మారుతుంది, ఇంతకుముందు లేని నీరు వస్తుంది, చిమ్నీలో పాత తోడు పోయిన వాటర్ హీటర్ ఒంటరిగా మిగులుతుంది. స్టిక్కర్ మీది 96 ఇంట్లోకి వస్తుందా రాదా అన్నది ఈ మూడింటి దగ్గర, వాటికన్నా ముందు యంత్రం సైజు దగ్గర తేలిపోతుంది.

ముందు డబ్బు లెక్క

ఇంటి వెచ్చదనానికి ఏడాదికి 800 థెర్మ్‌లు కాలుస్తున్న 80 శాతం ఫర్నేస్ స్థానంలో 96 పెడితే 667 థెర్మ్‌లు సరిపోతాయి. మిగిలేది 133. థెర్మ్ 1.40 డాలర్లు అనుకుంటే ఏడాదికి 186 డాలర్లు. రెండు కొటేషన్ల మధ్య తేడా 1,500 డాలర్లయితే ఎనిమిదేళ్లలో తిరిగొస్తుంది. ఫర్నేస్ ఆయుష్షు పదిహేను నుంచి ఇరవై ఏళ్లు కాబట్టి లాభమే. తీసేస్తున్నది 65 శాతం నాటిదైతే అదే ఇల్లు ఇప్పుడు 985 థెర్మ్‌లు తాగుతూ ఉంటుంది. అక్కడ ఏడాదికి 445 డాలర్లు మిగులుతాయి, ఆలోచించే పనే లేదు.

డాలస్ వైపు ఫ్రిస్కో, అర్వింగ్‌లలో లెక్క వేరు. చలి రోజులు తక్కువ. ఏడాదికి 300 థెర్మ్‌లు కాల్చే ఇంట్లో మిగిలేది 50 థెర్మ్‌లు, 70 డాలర్లు. పెట్టిన 1,500 తిరిగొచ్చేలోపు యంత్రమే పోతుంది. పైగా అక్కడ ఫర్నేస్‌లు చాలావరకు అటక మీద, ఇన్సులేషన్‌కు అవతలి వైపు ఉంటాయి. 96 పెడితే దాని నీటి గొట్టం చలిగాలికి గడ్డకట్టి, సరిగ్గా అవసరమైన రాత్రే యంత్రం ఆగిపోయే ప్రమాదం ఉంది. టెక్సస్‌లో ఏసీ కూడా పాతబడి ఉంటే, ఏసీ బదులు చలికాలం వేడి కూడా ఇచ్చే హీట్ పంప్ పెట్టి, పాత ఫర్నేస్‌నో కొత్త 80 శాతందో తోడుగా ఉంచుకోవడం చాలా ఇళ్లకు మెరుగైన బేరం.

పన్ను రాయితీ సంగతి కూడా ఇక్కడే. 97 శాతం ఆపై ఫర్నేస్‌కు ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 600 డాలర్లు ఫెడరల్ పన్నులో తగ్గేది. 2025 డిసెంబరు 31తో అది ముగిసింది. ఆ తర్వాత బిగించినవాటికి రాదు, పాత కరపత్రంలో కనిపించినా లెక్కలో వేసుకోకూడదు. స్థానిక గ్యాస్ కంపెనీ రిబేటు ఉందేమో మాత్రం పని మొదలుకాకముందే చూడాలి. కొన్నిచోట్ల ముందస్తు దరఖాస్తు ఉంటుంది, మోడల్ నంబర్లతో ఏహెచ్‌ఆర్‌ఐ (ఈ యంత్రాల తయారీదారుల సంఘం) సర్టిఫికెట్ అడుగుతారు.

లక్ష బీటీయూలు నిజంగా కావాలా?

ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ, ఎక్కువ మంది అడగనిదీ సైజు. పాతదాని మీద గంటకు లక్ష బీటీయూల గ్యాస్ కాలుస్తుందని రాసి ఉంటే కొత్తదీ లక్షదే రాసిస్తారు. అయితే ఆ పాతది కూడా ఎవరో కంటిచూపుతో పెట్టిందే. పద్ధతి ప్రకారమైతే మాన్యువల్ జె అనే లెక్క చేయాలి: ప్రతి గోడ, కిటికీ, అటక ఇన్సులేషన్, గాలి చొరబాటు అన్నీ కొలిచి గంటకు ఎంత వేడి పోతుందో తేలుస్తారు. అడిగితే సగం మంది కాంట్రాక్టర్లు నవ్వి ఊరుకుంటారు. వాళ్లు చేసినా చేయకపోయినా ఇంటాయన గ్యాస్ బిల్లుతో పావుగంటలో దగ్గరి అంకె పట్టుకోవచ్చు.

న్యూజెర్సీలో ఒక ఇల్లు తీసుకుందాం. జనవరి బిల్లు 185 థెర్మ్‌లు. జులై బిల్లు 25, అది వేడినీళ్లు, వంట. వెచ్చదనానికి పోయింది 160. ఫర్నేస్ 80 శాతందైతే ఇంట్లోకి చేరింది 128 థెర్మ్‌లు, అంటే కోటీ 28 లక్షల బీటీయూలు. ఆ బిల్లు రోజులకు హీటింగ్ డిగ్రీ డేస్, అంటే ఒక్కో రోజు సగటు ఉష్ణోగ్రత 65 కన్నా ఎన్ని డిగ్రీలు తగ్గిందో ఆ మొత్తం, వాతావరణ కేంద్రం లెక్కల్లో దొరుకుతుంది. 1,000 అనుకుందాం. భాగిస్తే డిగ్రీ డేకు 12,800, దాన్ని 24తో భాగిస్తే, బయట ఒక్కో డిగ్రీ తగ్గినకొద్దీ గంటకు 533 బీటీయూలు. నెవార్క్ ప్రాంతంలో లెక్కకు తీసుకునే చలి సుమారు 14 డిగ్రీల ఫారెన్‌హీట్. 65లోంచి 14 తీస్తే 51. 533ను 51తో గుణిస్తే గంటకు 27,200 బీటీయూలు. ఏటా వచ్చే గట్టి చలిరాత్రి ఆ ఇంటికి కావలసింది అంతే. ఉన్నదేమో లక్ష కాల్చి 80,000 ఇచ్చే పెట్టె!

నమ్మకం కుదరకపోతే రెండో పరీక్ష ఉంది. అలాంటి రాత్రి, థర్మోస్టాట్ ఒకేచోట ఉంచి, గంటలో ఫర్నేస్ మొత్తం ఎన్ని నిమిషాలు మండిందో చూడాలి. ఇరవై నిమిషాలైతే 80,000లో మూడో వంతు, 26,700. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయి.

దీనికి 40 శాతం అదనం కలిపితే 38,000. 96 శాతం ఫర్నేస్‌లో 40,000 బీటీయూల మోడల్ ఇచ్చేది 38,400. సరిపోతుంది. ఇక్కడ కాంట్రాక్టరు చెప్పే అభ్యంతరం ఒకటి నిజమే: ఎండాకాలం ఏసీకి కూడా గాలి తోసేది ఈ ఫర్నేస్ బ్లోయరే. మూడు టన్నుల ఏసీకి నిమిషానికి 1,200 ఘనపుటడుగుల గాలి కావాలి. చిన్న ఫర్నేస్‌లో అంత బ్లోయర్ వచ్చే మోడల్ ఉందో లేదో చూడాలి, లేకపోతే 60,000కు వెళ్లాలి. అప్పుడు కూడా లక్ష కాదు.

పెద్దది పెడితే ఏం నష్టం అనే ప్రశ్న వస్తుంది. అయిదు నిమిషాలు భగ్గుమని మండి థర్మోస్టాట్ ఉన్న హాలును వేడెక్కించి ఆగిపోతుంది. పై అంతస్తు చివరి గదికి వేడి చేరేలోపే ఆట ముగుస్తుంది. డక్ట్‌లు ఆ గాలిని మోయలేకపోతే లోపల వేడి పేరుకుని, అతిగా వేడెక్కితే మంట ఆపే లిమిట్ స్విచ్ కొడుతుంది. రోజుకు ఎన్నో సార్లు కాగి చల్లారే లోహం చివరికి చిట్లుతుంది. కావలసిన గాలి లెక్క కష్టమేమీ కాదు: ఇచ్చే బీటీయూలను, 1.08తో గుణించిన ఉష్ణోగ్రత పెరుగుదలతో భాగించడమే. పెరుగుదల ఎంత ఉండాలో యంత్రం నేమ్‌ప్లేట్ మీద ఉంటుంది, 35 నుంచి 65 అన్నట్టు. మధ్యలో 50 తీసుకుంటే 60,000 మోడల్‌కు నిమిషానికి సుమారు 1,070 ఘనపుటడుగులు కావాలి, లక్ష మోడల్‌కు 1,780. ఇంట్లో గాలిని ఫర్నేస్‌కు వెనక్కి తెచ్చే రిటర్న్ డక్ట్ పాత ఇంట్లో ఒక్కటే, అదీ సన్నది అయితే, 1,780 అందులోంచి లాగడం స్ట్రాతో బావి తోడడమే.

కొత్త బ్లోయర్లలో వచ్చే ఈసీఎం (ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న) మోటార్ల గురించి ఒక్క మాట. పాత మోటార్ల కన్నా కరెంటు తక్కువ తాగుతాయన్నది నిజం. కాకపోతే వీటిలో గాలి తగ్గకుండా చూసుకునే రకం, ఫిల్టర్ మూసుకుపోయినా డక్ట్ ఇరుకైనా పంతం పట్టి ఇంకా గట్టిగా తిరుగుతుంది, మిగిలిన కరెంటు అక్కడే పోతుంది. చాలా ఫర్నేస్‌ల రేటింగు డక్ట్ గాలికి 0.5 అంగుళాల నీటి మట్టం ఒత్తిడి దగ్గర ఇస్తారు. బిగించాక ఒత్తిడి కొలిచే మానోమీటరుతో కొలిచి ఆ అంకె రాసివ్వమని అడగాలి. అంగుళం మందం మెర్వ్-13 (సన్నటి దుమ్మునూ పట్టే రకం) ఫిల్టర్ ఈ ఒత్తిడిని ఇట్టే పెంచేస్తుంది. గాలి శుభ్రంగా ఉండాలంటే నాలుగైదు అంగుళాల మందం ఫిల్టర్ పట్టే పెట్టె పెట్టించుకోవడం మేలు. రోజూ పోపు, వారానికోసారి బూరెలో గారెలో వేగే ఇంట్లో, రిటర్న్ గ్రిల్ వంటింటి పక్కన ఉంటే, ఫిల్టర్‌కు నూనె పట్టి దుమ్ము ముద్ద కడుతుంది. అట్ట మీద రాసిన మూడు నెలలు అక్కడ చెల్లవు, నెలకోసారి తీసి చూడాల్సిందే.

చిమ్నీలో మిగిలిపోయిన వాటర్ హీటర్

పాత ఫర్నేస్, వాటర్ హీటర్ రెండూ ఒకే చిమ్నీలోకి పొగ వదిలే ఇళ్లు ఎక్కువ. ఆ చిమ్నీ వెడల్పు రెండింటికీ కలిపి వేసింది. 96 శాతం ఫర్నేస్ తన పొగను పీవీసీ గొట్టంలో పక్క గోడలోంచి బయటికి పంపుతుంది. చిమ్నీలో వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది. చలికాలంలో ఆ పెద్ద చల్లటి గొట్టాన్ని వేడెక్కించే శక్తి దాని కొద్దిపాటి పొగకు ఉండదు. పొగ పైకి లేవక హీటర్ నెత్తి మీది మూకుడు అంచుల్లోంచి బేస్‌మెంట్‌లోకి తిరిగొస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. లేచినా సగం దూరంలో నీరై చిమ్నీ ఇటుకను లోపలి నుంచి నానబెడుతుంది.

ఇందుకు రెండు మందులున్నాయి. చిమ్నీలో హీటర్‌కు తగ్గ సన్నటి అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ లైనర్ దింపడం ఒకటి. హీటర్ కూడా పాతదైతే, ఫ్యాన్‌తో గోడలోంచి పొగ తోసే పవర్ వెంట్ రకమో, హీట్ పంప్ రకమో పెట్టి చిమ్నీని మూసేయడం రెండోది. కొటేషన్‌లో ఈ రెండింటిలో ఒక్కటీ లేకపోతే అది తక్కువ రేటు కాదు, పని వదిలేసిన రేటు. ఇన్‌స్పెక్టర్ పట్టుకునే మొదటి లోపాల్లో ఇదొకటి. పర్మిట్ ఎందుకులెండి, వంద డాలర్లు దండగ అనే కాంట్రాక్టరును దూరంగా పెట్టడానికి ఈ కారణం చాలు.

నీరు ఎటు పోతుంది

గట్టి చలిరోజు ఆరేడు థెర్మ్‌లు కాలిస్తే కొన్ని గ్యాలన్ల నీరు కారుతుంది. పీహెచ్ 3, 4 దగ్గర ఉంటుంది, చింతపండు పులుసంత పులుపు. రాగి, పోత ఇనుము గొట్టాల్లోకి తిన్నగా వదిలితే తినేస్తుంది. నీటి గొట్టానికి మధ్యలో సున్నపురాయి ముక్కలు నింపిన న్యూట్రలైజర్ డబ్బా పెడతారు, ఆ రాయి కరుగుతుంది కాబట్టి ఏడాదికోసారి నింపాలి. నేల మీద డ్రెయిన్ లేనిచోట చిన్న పంపు పెడతారు. ఆ పంపుకు ఓవర్‌ఫ్లో స్విచ్ వైర్లు రెండు వేలాడుతూ ఉంటాయి, వాటిని ఫర్నేస్‌కు కలపకుండా చుట్టి వదిలేసిన పనులు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. కలిపితే పంపు చెడినప్పుడు ఫర్నేస్ ఆగుతుంది. వదిలేస్తే కార్పెట్ తడుస్తుంది.

పొగ గొట్టం కూడా నీటి దారే అని మరిచిపోకూడదు. అడ్డంగా వెళ్లే పీవీసీ ప్రతి అడుగుకు పావు అంగుళం చొప్పున ఫర్నేస్ వైపు వాలాలి, లోపల కారిన నీరు వెనక్కి వచ్చి ట్రాప్‌లో పడేలా. హ్యాంగర్లు దూరం దూరంగా వేస్తే గొట్టం నడుమ కుంగి అక్కడ నీరు నిలుస్తుంది. పొగకు దారి ఇరుకవుతుంది, పొగ సరిగా పోతోందో లేదో కనిపెట్టే ప్రెజర్ స్విచ్ తెరుచుకుంటుంది, యంత్రం మూడు నాలుగు సార్లు ప్రయత్నించి తాళం వేసుకుంటుంది. బోర్డు మీది చిన్న లైటు ఎన్నిసార్లు మెరిసిందో తలుపు లోపలి పట్టికతో పోలిస్తే ప్రెజర్ స్విచ్ అని వస్తుంది. అప్పుడు స్విచ్ మార్చేస్తారు, పది రోజులకు మళ్లీ అదే. చెడింది స్విచ్ కాదు, గొట్టం వాలు, లేదా ట్రాప్‌లో చెత్త, లేదా బయట గొట్టం మూతిలో మంచు. గోడ బయట రెండు గొట్టాల మూతులు, పొగ పోయేదీ మంటకు గాలి తెచ్చేదీ, అక్కడ పడే మంచు మట్టానికి కనీసం 12 అంగుళాలు పైన ఉండాలి. మిన్నెసోటాలో ఆ మట్టం ఇరుగుపొరుగును అడిగితే సరిగ్గా తెలుస్తుంది.

మొదటి రోజు స్టాప్‌వాచ్

బిగించాక మంట వచ్చింది, గాలి వెచ్చగా ఉంది, సంతకం పెట్టమంటారు. అప్పుడు చేయాల్సిన కొలతలు చేశారా లేదా తెలుసుకోవడానికి ఒక తేలిక దారి గ్యాస్ మీటరు. ఇంట్లో వంట స్టవ్, వాటర్ హీటర్ ఆపేసి, ఫర్నేస్ పూర్తి మంట మీద ఉండగా, ఒక ఘనపుటడుగు అని రాసిన చిన్న ముల్లు ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు పడుతుందో ఫోనులో కొలవాలి. ఘనపుటడుగులో 1,030 బీటీయూలుంటే, 60,000 యంత్రానికి 62 సెకన్లు, 40,000 యంత్రానికి 93 సెకన్లు రావాలి. రెండు స్టేజీల (చిన్న మంట, పెద్ద మంట ఉన్న) ఫర్నేస్ అయితే రెండో స్టేజీలో ఉండగా చూడాలి. చాలా తేడా ఉంటే గ్యాస్ ఒత్తిడి సర్దలేదన్నమాట. సహజవాయువుకు, బర్నర్లకు గ్యాస్ పంచే మానిఫోల్డ్ దగ్గర సాధారణంగా 3.5 అంగుళాల నీటి మట్టం ఒత్తిడి ఉండాలి. ఆ రోజే సప్లై, రిటర్న్ గాలుల వేడి తేడా నేమ్‌ప్లేట్ హద్దుల్లో ఉందో లేదో చూసి కాగితం మీద రాయించుకోవాలి. వారంటీ రిజిస్ట్రేషన్ ఇంటాయనే స్వయంగా చేసుకోవడం మంచిది. చాలా కంపెనీల్లో 60 లేదా 90 రోజుల్లో నమోదు చేయకపోతే పదేళ్ల పార్ట్స్ వారంటీ అయిదుకు పడిపోతుంది.

రెండు స్టేజీలు, మాడ్యులేటింగ్ (మంటను కొద్దికొద్దిగా పెంచి తగ్గించేది) అని పెద్ద రేట్లు చెబుతారు. సైజు సరిగ్గా కుదిరిన ఇంట్లో రెండు స్టేజీలు హాయిగా ఉంటాయి, చప్పుడు తక్కువ. మాడ్యులేటింగ్ బోర్డులు ఖరీదైనవి, వారంటీ తీరాక పోతే నొప్పి తెలుస్తుంది. ఆ డబ్బుతో అటకలో ఇన్సులేషన్ ఆర్-49కు (ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత) పెంచి, డక్ట్ అతుకులకు గాలి కారకుండా మూసే మాస్టిక్ పూయిస్తే మేలు. అదీ ఫర్నేస్ సైజు తేల్చకముందే చేయిస్తే ఇంకా మేలు.

సంక్రాంతికి ఊరెళ్లే ఇళ్లకు మరో జాగ్రత్త. మూడు, నాలుగు వారాలు తాళం వేసి ఉన్న ఇంట్లో పంపు చెడితేనో, బయటి మూతి మంచుతో మూసుకుంటేనో 96 శాతం యంత్రం తనంతట తాను ఆగిపోతుంది. దాని భద్రత అదే, ఇంటి నీళ్ల గొట్టాలకు మాత్రం గండం. బయల్దేరే ముందు కొత్త ఫిల్టర్ వేసి, పంపులో చెంబెడు నీళ్లు పోసి అది తోడుతోందో లేదో చూసి, నీళ్ల మెయిన్ వాల్వ్ కట్టి, కుళాయిలు తెరిచి ఒత్తిడి వదిలేసి, థర్మోస్టాట్‌ను 55 దగ్గర ఉంచాలి. ఫోనుకు హెచ్చరిక పంపే థర్మోస్టాట్ ఉంటే 50 కిందికి పడగానే తెలిసేలా పెట్టి, పక్కింటివాళ్లకు తాళంచెవితో పాటు బయటి గోడ మీద ఆ రెండు పీవీసీ మూతులు ఎక్కడున్నాయో చూపించి వెళ్లాలి.